పాత పంపు గాలి తుపాకులు: వాటి సంరక్షణ

1803వ సంవత్సరము ఆగస్టు నెలాఖరు. అమెరికాలోని పిట్స్‌బర్గు పట్టణమునకు కొద్ది మైళ్ళ దిగువను, ఒహాయో నదిలోని ఒక లంకలో కొందరు పెద్దమనుష్యులు గుమిగూడి ఉన్నారు. పసిఫిక్ మహాసముద్రము వరకు దారి కనుగొనడానికి బయలుదేరిన మెరివెదర్ లూయిస్ అనే సైనికాధికారి అక్కడ పడవ ఆపి, తన వెంట తెచ్చిన ఒక వింత తుపాకిని వారికి చూపించినాడు. అందులో మందు లేదు, నిప్పు లేదు, పొగ లేదు. లోపల బిగించి ఉన్నది వట్టి గాలి. దానితో ఆయన 55 గజముల దూరమునకు ఏడుసార్లు కాల్చి చూపించినాడు. తరువాత దాని మర్మము తెలియని ఒకరి చేతికి ఇవ్వగా అది అనుకోకుండా పేలినది. గుండు సుమారు 40 గజముల దూరములో ఉన్న ఒక స్త్రీ టోపీని చీల్చుకొని, ఆమె కణతను కోసుకొనిపోయినది. ఆమె నెత్తురు కారుతూ కూలిపోయినది. ప్రాణము పోయినదనే అందరూ భయపడినారు. అదృష్టవశాత్తు గాయము ప్రాణాంతకమైనది కాదు. కొంతసేపటికి ఆమె తేరుకొన్నది. ఈ సంగతిని లూయిస్ తన దినచర్యలో వ్రాసిపెట్టినాడు.

గాలి తుపాకి పిల్లల ఆటవస్తువు అని అనుకొనేవారు ఈ కథను గుర్తుంచుకోవాలి. మందు పెట్టిన తుపాకిలో శక్తి రసాయనిక రూపములో నిలిచి ఉంటుంది. గాలి తుపాకిలో అదే శక్తి నొక్కిన వాయువులో నిలిచి ఉంటుంది. కంటికి కనపడదు గనుక లేదని భ్రమపడతాము.

లూయిస్ వద్ద ఉన్నది బార్తొలోమియో గిరాందోనీ రూపొందించిన రకమని చరిత్రకారులలో పలువురి అభిప్రాయము. ఆస్ట్రియా సైన్యము 1780 ప్రాంతమున స్వీకరించిన ఆ తుపాకిలో మడమ భాగమే గాలి తిత్తి. దానిని నింపడానికి చేతి పంపును సుమారు 1500 సార్లు కొట్టవలసి వచ్చేది. లోపలి తోలు బిగింపులు ఎండిపోతే గాలి నిలిచేది కాదు; వాటిని ఎప్పుడూ తడిగా ఉంచవలసి వచ్చేది. రెండు వందల ఏండ్లు గడిచినా గాలి తుపాకి యజమానికి ఉన్న చిక్కు ఇదే: గాలిని నొక్కడము తేలిక, నిలపడము కష్టము.

పలుమార్లు పంపు కొట్టే తుపాకి

ఇరవయ్యవ శతాబ్దములో అమెరికాలో మరొక రకము ప్రచారములోకి వచ్చినది. ఇందులో పంపు తుపాకిలోనే అమరి ఉంటుంది. గొట్టము క్రింద ఉన్న కర్ర పిడిని తెరిచి మూసినప్పుడల్లా పంపు ఒక దెబ్బ కొట్టినట్లు. మూడు మొదలు ఎనిమిది లేక పది దెబ్బల వరకు కొట్టి, ఒక్క గుండు కాలుస్తారు. మళ్ళీ కాల్చవలెనంటే మళ్ళీ కొట్టవలసినదే. సెయింట్ లూయిస్ పట్టణపు బెంజమిన్, రోచెస్టరు పట్టణపు క్రాస్మన్, విస్కాన్సిన్ రాష్ట్రములోని రసీన్ పట్టణపు షెరిడన్ కంపెనీలు ఈ రకమునకు పేరుపొందినవి. షెరిడన్ మొదటి తుపాకి 1947లో వెలువడినది. తరువాత అదే కంపెనీ చేసిన సిల్వర్ స్ట్రీక్, బ్లూ స్ట్రీక్ అనే తుపాకులు 5 మిల్లీమీటర్ల గుండును వాడేవి. వాటి పంపు గొట్టము ఇత్తడి, మడమ అక్రోటు కర్ర. షెరిడన్‌ను 1977లో బెంజమిన్ కంపెనీ కొన్నది. ఆ రెంటినీ 1992లో క్రాస్మన్ కొన్నది.

ఒక తండ్రి కొడుకు కోసము కొన్న తుపాకి, ఆ కొడుకు తాత అయిన తరువాత అటకమీద బయటపడడము ఆ దేశములో మామూలు సంగతి. దించి, దుమ్ము తుడిచి, పంపు కొట్టి చూస్తే గాలి నిలవదు. వాడి వాడి అరిగిపోయినదేమో అనుకుంటారు. నిజానికి ఇట్టివాటిలో చాలా భాగము వాడకము వలన గాక, వాడకుండా పడి ఉండడము వలననే చెడినవి. ఎందువలన? అది తెలియాలంటే ముందు పంపులో జరిగే పని తెలియాలి.

ఎనిమిది దెబ్బల లెక్క

సైకిలు పంపును విప్పి చూసినవారికి దాని లోపల కడ్డీ చివర గిన్నె ఆకారములో ఉన్న తోలు వాషరు తెలుసు. కడ్డీని వెనుకకు లాగినప్పుడు వాషరు అంచుల ప్రక్కనుంచి గాలి ముందుకు జారుకుంటుంది. నెట్టినప్పుడు గాలి పీడనమే ఆ అంచులను గొట్టము గోడలకు అదిమిపెట్టి, వెనుకకు పోయే దారిని మూసివేస్తుంది. పాత గాలి తుపాకులలో కొన్నింటి పంపులోనూ ఇట్టి తోలు వాషరే ఉండేది. తరువాతి వాటిలో కృత్రిమ రబ్బరు వచ్చినది. వాషరు ముందర ఒక చిన్న గాలి గది. దాని వాకిట లోపలికి మాత్రమే తెరుచుకొనే కవాటము. రెండవ వైపున గొట్టములోనికి దారితీసే మరొక కవాటము. మీట నొక్కగానే ఒక చిన్న సుత్తి ఈ రెండవ కవాటపు కాడను తట్టుతుంది. గాలి ఒక్కసారిగా వెలువడి గుండును తోసుకొనిపోతుంది.

లెక్క కోసము పంపు ఒక దెబ్బకు 20 ఘనపు సెంటీమీటర్ల గాలిని నెట్టుతుందనీ, గాలి గదిలో 2 ఘనపు సెంటీమీటర్ల చోటు ఉన్నదనీ అనుకుందాము. ఎనిమిది దెబ్బలకు 160 ఘనపు సెంటీమీటర్ల గాలి 2 ఘనపు సెంటీమీటర్లలో ఇమడవలె. బాయిల్ నియమము ప్రకారము పీడనము సుమారు 80 వాతావరణములు కావలె. కాని అంత రాదు. పిస్టను ఎంత ముందుకు పోయినా దాని తలకూ కవాటమునకూ నడుమ కొంచెము చోటు మిగిలిపోతుంది. ఆ చోటులో నలిగిన గాలి గదిలోనికి పోలేక, పిస్టను వెనుకకు రాగానే మళ్ళీ వ్యాకోచిస్తుంది. ఈ మిగులు చోటు పావు ఘనపు సెంటీమీటరే అయినా, ఎనిమిది దెబ్బలకు వచ్చే పీడనము 50 వాతావరణముల దగ్గర ఆగుతుంది. పంపు కీళ్ళు అరిగి, ఆ చోటు 1 ఘనపు సెంటీమీటరు అయితే 20 వాతావరణములకు మించదు. ఆ తరువాత ఇంకో ఇరవై దెబ్బలు కొట్టినా లాభము లేదు. పై తరగతుల విద్యార్థులు ఈ లెక్కను దెబ్బ తరువాత దెబ్బగా స్వయముగా చేసి చూడవచ్చు.

పాత తుపాకి నీరసించినదని మరిన్ని దెబ్బలు కొట్టడము ఎందుకు తప్పో దీనివలన తెలుస్తుంది. మిగులు చోటు ఎక్కువైతే అదనపు శ్రమ గదిలోనికి చేరదు. పిడికీ, కీళ్ళకూ, మేకులకూ చేరి వాటిని ఇంకా అరగదీస్తుంది. పంపు బాగున్న తుపాకిలో అయితే మరొక ప్రమాదము. గదిలోని గాలి కవాటమును లోపలినుంచి అదిమిపెడుతూ ఉంటుంది. కవాటపు వైశాల్యము 0.3 చదరపు సెంటీమీటరు, పీడనము 50 వాతావరణములు అయితే ఆ అదుము సుమారు 15 కిలోల బరువుకు సమానము. ఇంకా పెంచుకుంటూ పోతే సుత్తి దెబ్బకు కవాటము తెరుచుకోనే తెరుచుకోదు. అప్పుడు గాలి బయటికి రాదు, తుపాకి పేలదు. కాని లోపల నిండుగా శక్తి ఉంటుంది. షెరిడన్ తుపాకికి ఎనిమిది దెబ్బలు మించరాదని తయారీదారులు చెప్పినది ఊరకనే కాదు.

వాషరే దాని ప్రాణము

వేసవిలో చాలా రోజులు వాడని సైకిలు పంపును తీసి కొడితే గాలి ముందుకు పోక, పిడి ప్రక్కనుంచి బుస్సున వెనుకకు వస్తుంది. సైకిలు షాపువాడు వాషరును విప్పి, నాలుగు చుక్కల నూనె రాసి, వ్రేళ్ళతో సాగదీసి మళ్ళీ బిగిస్తాడు; పంపు కొత్తదానివలె పని చేస్తుంది. కిరసనాయిలు స్టౌ పంపుకు ఇంట్లో చేసే వైద్యమూ ఇదే. తోలు అనేది అల్లుకొని ఉన్న నారల సముదాయము. నారల మధ్య నూనె ఉన్నంతకాలము అవి ఒకదానిమీద ఒకటి జారుతూ మెత్తగా ఉంటాయి. నూనె ఆరిపోతే నారలు అంటుకొని, తోలు కుంచించుకొని గట్టిపడుతుంది. గిన్నె అంచు గోడను తాకదు.

రబ్బరు వాషరుకు వచ్చే జబ్బు వేరు. ఒకే స్థితిలో ఏండ్ల తరబడి అదిమి ఉంచితే అది ఆ ఆకారమునకే అలవాటుపడి, స్థితిస్థాపకతను పోగొట్టుకుంటుంది. ఎండవేడికి, గాలిలోని ఆమ్లజనికి గట్టిపడుతుంది. ఓజోను తగిలితే సన్నని పగుళ్ళు పట్టుతుంది. విద్యుత్ మోటారులు నడిచేటప్పుడు వెలువడే నిప్పురవ్వల వలన కొంత ఓజోను పుట్టుతుంది గనుక, వాటి ప్రక్కన ఇట్టి వస్తువులను ఉంచరాదు.

పంపును అప్పుడప్పుడు కదిలించితే నూనె వాషరు చుట్టూ మళ్ళీ పరుచుకుంటుంది. కదిలించకపోతే క్రిందికి జారి ఒక ప్రక్కన చేరుతుంది. వాడని తుపాకి చెడడానికి ఇది మొదటి కారణము.

గాలితో వచ్చే నీరు

రెండవ కారణము తేమ. వర్షాకాలములో 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద తేమతో నిండిన ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 30 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. పై లెక్కలోని తుపాకి ఎనిమిది దెబ్బలకు 160 ఘనపు సెంటీమీటర్ల గాలిని తీసుకొంటున్నది. అందులో నీరు సుమారు 5 మిల్లీగ్రాములు. గాలిని 2 ఘనపు సెంటీమీటర్లకు నొక్కి చల్లారనిస్తే, ఆ చోటులో ఆవిరిగా నిలువగలిగినది 0.06 మిల్లీగ్రాము మాత్రమే. తక్కినదంతా నీరుగా మారవలసినదే. తడిబట్టను పిండినట్లు గాలిని పిండినామన్నమాట. పదిసార్లు కాల్చితే ఒక చుక్క నీరు లోపల పుట్టుతుంది. పేలినప్పుడు చాలా భాగము గాలితో కొట్టుకొనిపోతుంది. కొంత మూలలలో మిగిలి, ఉక్కు స్ప్రింగులకు తుప్పును, ఇత్తడికి చిలుమును తెస్తుంది. అందుచేత వాన కురిసే రోజున కాల్చి, తుడిచి, వెంటనే పెట్టెలో పెట్టి మూసివేయడము మంచిది కాదు. పొడిగా ఉన్న గదిలో కొంతసేపు ఆరనిచ్చి, పొడిగాలితో రెండు మూడు దెబ్బలు కొట్టి, గుండు లేకుండా క్షేమమైన దిక్కునకు వదిలివేస్తే లోపలి తడి చాలవరకు పోతుంది.

ఏ నూనె వాడవలె?

నూనె మంచిదని చేతికి దొరికిన నూనె పోయరాదు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకు దిగువను గడ్డకడుతుంది. నువ్వులనూనె, అవిసెనూనె వంటివి గాలి తగిలి క్రమముగా జిగురుగా మారుతాయి. తుప్పు వదిలించడానికి చల్లే పలుచని ద్రవములు మొదట అన్నింటినీ వదులు చేసినట్లే కనపడినా, ఉన్న కందెనను కరిగించి కొట్టుకొనిపోతాయి. కొన్ని రకముల రబ్బరును ఉబ్బిస్తాయి.

పలుచని పెట్రోలియం ద్రవములలో ఇంకొక అపాయము ఉన్నది. సైకిలుకు గాలి కొట్టినప్పుడు పంపు అడుగుభాగము వేడెక్కడము అందరికీ అనుభవమే. గాలిని పదో వంతుకు హఠాత్తుగా నొక్కి, వేడి ఏమాత్రమూ బయటికి పోకుండా ఆపగలిగితే, 27 డిగ్రీల వద్ద ఉన్న గాలి దాదాపు 480 డిగ్రీలకు పెరుగుతుందని లెక్క తేలుతుంది. నిజమైన పంపులో లోహపు గోడలు ఈ వేడిలో అధికభాగమును పీల్చుకుంటాయి కాబట్టి అంత వేడి పుట్టదు. అయినా సులభముగా ఆవిరి అయ్యే నూనెను అందులో పోయడము డీజిలు ఇంజనులో జరిగే పనిని తుపాకిలో జరగమని పిలవడమే. అందుకే ఈ తుపాకులకు తయారీదారులు సూచించిన కందెననుగాని, శుభ్రపరచే రసాయనములు కలపని 30వ నంబరు ఇంజను నూనెనుగాని వాడుతారు. అదైనా ఒకటి రెండు చుక్కలే. కొన్ని నమూనాలలో వాషరు వెనుక ఒక ఉన్ని ముద్ద ఉంటుంది. పిడిని పూర్తిగా తెరిచి ఆ ముద్దకు చుక్క నూనె అందిస్తే చాలు. అది కొంచెము కొంచెముగా గోడలకు పూస్తూ ఉంటుంది. పంపు కీళ్ళకు ఒక్కొక్క చుక్క. గుండు పోయే గొట్టమునకు నూనె అక్కరలేదు.

ఇత్తడి, ఉక్కు, కర్ర

మన ఇండ్లలో ఇత్తడి బిందెలను చింతపండుతో తోమి తళతళలాడిస్తారు. పాత తుపాకి ఇత్తడిని మాత్రము ఆ విధముగా తోమరాదు. చింతపండులోని ఆమ్లము చిలుమును కరిగించేటప్పుడు దానితోపాటు పైపూతనూ, చెక్కిన అక్షరములనూ, కొద్దిగా లోహమునూ తీసుకొనిపోతుంది. పాత వస్తువునకు దాని మొదటి పూతయే సాక్ష్యము. ఒకసారి తోమివేసిన తరువాత ఏ నిపుణుడూ దానిని తిరిగి తేలేడు. అరవై ఏండ్ల గోధుమరంగు మచ్చ అందవికారము కాదు. అది ఆ వస్తువు వయస్సు.

అమ్మోనియా కలిసిన మెరుగు ద్రవములు మరింత ప్రమాదము. దీనికి మన దేశమునకు సంబంధించిన ఒక చరిత్ర ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దములో ఇక్కడి బ్రిటిషు సైన్యమువారు వర్షాకాలములో తూటాలను గుర్రపుశాలలలో నిలవ చేసేవారు. వానలు వెలిసి తీసి చూస్తే ఇత్తడి తొడుగులు పగిలి ఉండేవి. ఇది ఋతువుతోపాటు వచ్చే పగులు అని పేరు పెట్టినారేగాని కారణము చాలాకాలము తెలియలేదు. అశ్వమూత్రమునుంచి వెలువడే అమ్మోనియాయే, లోపల బిగువు నిలిచి ఉన్న ఇత్తడిని పగులగొట్టుతున్నదని 1921లో శాస్త్రజ్ఞులు తేల్చినారు. గాలి తుపాకి పంపు గొట్టము కూడ ఇత్తడిదే; పంపు కొట్టినప్పుడల్లా దానిమీద బిగువు పడుతూనే ఉంటుంది. కాబట్టి అమ్మోనియాను దాని దరికి రానీయరాదు. ఇత్తడిని మెత్తని పొడిగుడ్డతో తుడిస్తే చాలు. గొట్టమును పంపుతో టంకము వేసి అతికి ఉంటారు. అందుచేత గొట్టమును పట్టుకొని వంచడముగాని, వేడిచేయడముగాని కూడదు.

ఉక్కు భాగములకు శత్రువు చేతి చెమట. అందులోని ఉప్పు వ్రేలిముద్ర ఆకారములోనే తుప్పు పట్టిస్తుంది. తాకిన ప్రతిసారీ నూనె తడి ఉన్న గుడ్డతో తుడిచి పెట్టవలె. ఆ నూనె కర్రకు అంటకుండా చూడవలె. నూనె త్రాగిన కర్ర నల్లబడి మెత్తబడుతుంది. కర్ర తేమకు ఉబ్బి, పొడికి కుంచించుకుంటుంది. మాటిమాటికీ ఇట్లా జరిగితే మర బిగించిన చోట పగులు వస్తుంది.

ఉంచే చోటు

కర్రకు మరీ పొడి పనికిరాదు, ఉక్కుకు తేమ పనికిరాదు. ఈ రెంటికీ రాజీగా, వేర్వేరు పదార్థములతో చేసిన వస్తువులను వస్తుప్రదర్శనశాలలలో సుమారు 50 శాతము ఆర్ద్రత వద్ద ఉంచుతారు. అంతకంటె ముఖ్యమైనది నిలకడ. మధ్యాహ్నము రేకు వేడికి మాడి, రాత్రి చల్లబడే అటక అన్నింటికంటె చెడ్డచోటు. నేల తడి ఎక్కే గోడమూల దాని తరువాతిది. మనుష్యులు నివసించే గదిలో, బయటి గోడకు ఆనించని బీరువా మంచిది.

తుపాకిని అందమైన తోలు సంచిలోగాని, స్పాంజి పరిచిన పెట్టెలోగాని ఏండ్ల తరబడి ఉంచడము మేలు చేస్తున్నామనుకొని చేసే కీడు. తోలును పదును చేయడానికి వాడిన ఆమ్లములు అందులో మిగిలి ఉంటాయి. స్పాంజి తేమను పీల్చి లోహమునకు అంటిపెట్టుతుంది. ఇవి ప్రయాణమునకే తగినవి. నిలవకు శుభ్రమైన నూలుగుడ్డ చుట్టి, బీరువాలో సిలికాజెల్ పొట్లము ఒకటి ఉంచితే చాలు. రంగు మారే రకము అయితే నీలము గులాబీ అయినప్పుడు తీసి, సుమారు 120 డిగ్రీల వద్ద వేడిచేస్తే మళ్ళీ పనికివస్తుంది.

సీసపు గుండ్లను తుపాకితోపాటు ఉంచరాదు. అందులోనూ ఓకు కర్ర సొరుగులో అసలే ఉంచరాదు. ఆ కర్రనుంచి వెలువడే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి సీసమును తెల్లని పొడిగా మారుస్తుంది. సీసము విషపదార్థము, గుండ్లు తాకిన తరువాత చేతులు కడుక్కొనకుండా ఏమీ తినరాదు.

ఒక దెబ్బ గాలి

ఇక అన్నింటికంటె ముఖ్యమైన సంగతి. ఈ తుపాకులను పూర్తిగా ఖాళీచేసి కాక, ఒకటి రెండు దెబ్బల గాలి ఉంచి నిలవచేయడము అనుభవజ్ఞుల ఆచారము. గదిలో కొద్దిపాటి పీడనము ఉంటే కవాటములు వాటి పీఠములమీద అదిమి కూర్చుంటాయి. దుమ్ముకు, తేమకు లోపల చోటు ఉండదు. అట్లా అని ఎనిమిది దెబ్బల గాలి నింపి పెట్టరాదు. అంత పీడనము ఏండ్ల తరబడి నిలిస్తే కవాటపు పీఠము మెత్తని భాగము నొక్కుకొని గాడిపడుతుంది. నెలకో రెండు నెలలకో ఒకసారి తీసి, పాతగాలి వదిలి, కొత్తగా ఒక దెబ్బ కొట్టి పెడితే వాషరుకూ వ్యాయామము, నూనెకూ చలనము కలుగుతాయి. గాలి ఏ మాత్రము నిలిచినదో పాతగాలిని వదిలినప్పటి చప్పుడే చెబుతుంది. కొన్ని నమూనాలలో సుత్తిని వెనుకకు లాగి ఉంచితేగాని మొదటి దెబ్బ గాలి నిలవదు. ఆ తరువాత స్ప్రింగును మళ్ళీ వదులు చేసే పద్ధతిని ఆ తుపాకితో వచ్చిన చిన్న పుస్తకము చూసి చేయవలె.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఒక దెబ్బ గాలి అంటే ఎంత? పైన వేసిన లెక్క ప్రకారము సుమారు 10 వాతావరణములు. సైకిలు చక్రములో ఉండే పీడనము కంటె ఇది ఎక్కువ. తుపాకి ఆరోగ్యముగా ఉండడానికి ఏది అవసరమో, అదే దానిని ఎన్నడూ ఖాళీ తుపాకి కానీయదు. ఎనిమిది దెబ్బలకు ఒక గ్రాముకు తక్కువైన 5 మిల్లీమీటర్ల గుండు సెకనుకు 180 మీటర్ల వేగముతో పోగలదు. దాని గతిజ శక్తి సుమారు 15 జౌళ్ళు. ఒకటిన్నర కిలోల బరువును మీటరు ఎత్తు లేపే శక్తి అంతా ఒక పప్పుగింజ అంత చోట కేంద్రీకరించబడి ఉంటుంది. ఒక దెబ్బ గాలితో వచ్చే శక్తి ఇంతకంటె చాలా తక్కువే. అయినా ఒక కన్ను పోవడానికి చాలు.

ఈ చిక్కును విడదీసే నియమములు నాలుగు. గాలి ఉంచి పెట్టే తుపాకిలో గుండు ఉండరాదు. పెట్టేముందు గుండు పెట్టే గదిని తెరిచి కంటితో చూడవలె, వ్రేలితో తడిమి చూడవలె. తుపాకి బీరువాకు తాళము ఉండవలె; గుండ్లకు వేరే చోట వేరే తాళము ఉండవలె. అందులో గాలి ఉన్నదని వ్రాసిన చీటీ ఒకటి పంపు పిడికి కట్టవలె; నేడు ఉంచినవారు రేపు తీసేవారు కాకపోవచ్చు. మరలు విప్పవలసి వస్తే గాలి పూర్తిగా వదిలిన తరువాతనే విప్పవలె. గాలి వదలక, కవాటము తెరుచుకోక మొండికెత్తిన తుపాకిని ఇంట్లో విప్పజూడరాదు, పనితెలిసినవారికి అప్పగించవలె. ఏ దేశములోనైనా ఇట్టి తుపాకిని ఉంచుకొనే ముందు అక్కడి ఆయుధ చట్టము ఏమి చెబుతున్నదో తెలుసుకోవడము ఎట్లాగూ తప్పదు.

ఒహాయో నది లంకలో ఆ స్త్రీని గాయపరచినది తుపాకి లోపము కాదు. లోపల ఏమున్నదో తెలియని చేతికి అది అందడమే. తోలు వాషరుకు నూనె చుక్క ఎట్లాగో, చేతికి ఆ తెలివి అట్లాగే. ఆ రెండూ ఎండిపోకుండా చూడడమే పాత గాలి తుపాకి సంరక్షణలోని సారాంశము.